ఏడు క్వింటాళ్ల చేపలు

మా రోజుల్లో మిద్దె మీద ఏదన్నా బరువు పెట్టాలంటే ఇంటి పెద్ద ముందు లోపలికొచ్చి తల పైకెత్తేవాడు. దూలం ఎటుంది, దంతెలు ఎటు పరిచారు, ఏ దంతెకు చెద తగిలింది, ఏది నడుమ జారింది, అన్నీ కళ్లెదుటే కనబడేవి. మిరపకాయలు ఎక్కడ ఆరబోసుకున్నా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. శనక్కాయ మూటలు పైకెక్కిస్తే మాత్రం కింది నుంచి కేక వచ్చేది, "గోడ పక్కకు జరపండ్రా!" అని. దంతె కొస గోడలో దిగిన చోట బరువు పెడితే గోడ మోస్తుంది, నడుమ పెడితే దంతె వంగుతుంది. ఈ ముక్క వేలిముద్ర వేసేవాళ్లకు కూడా తెలుసు. ఇప్పుడు ఇళ్లు కొనే ఇంజినీర్లకు, కంప్యూటర్ ఇంజినీర్లేలెండి, తాము నిలబడ్డ నేల కింద ఏముందో తెలీదు. తెలుసుకోవాలనీ ఉండదు.

నేను కడప జిల్లాలో రోడ్లు భవనాల శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. మావాడు న్యూజెర్సీలో ఉంటాడు. రెండంతస్తుల ఇల్లు. వీధిలోంచి చూస్తే ఇటుక గోడ. తట్టి చూస్తే తెలిసింది, ఆ ఇటుక ముందు పక్క ఒక్క వరసే, సోకుకు. లోపలంతా కర్ర. గోడలూ కర్రే, నేలా కర్రే, కప్పూ కర్రే. కోడలు వంటింట్లో నడిస్తే నేను హాల్లో కూర్చుని ఎన్ని అడుగులు వేసిందో చెప్పగలను. అలాంటి ఇంట్లో, హాల్లో, ఆరడుగుల చేపల తొట్టి పెట్టాలని తీర్మానం జరిగింది. నన్ను అడిగి కాదు. తొట్టి కొన్నాక చెప్పారు.

"ఎంత పడుతుంది నాయనా అందులో?" అన్నాను.

"నూట ఇరవై అయిదు గ్యాలన్లు నాన్నా."

"బరువెంత?"

"రాసుంటుందిలే ఎక్కడో."

ఎక్కడో రాసుండటం ఏమిటి? కాగితం తీసుకుని కూర్చున్నాను. 125 అమెరికా గ్యాలన్లంటే 473 లీటర్లు. నీళ్లే 473 కిలోలు. ఖాళీ గాజు తొట్టే తొంభై కిలోల పైన. అడుగున గులకరాళ్లు, అలంకారానికి బండరాళ్లు, కింద చెక్క బల్ల. తక్కువలో తక్కువ ఏడు క్వింటాళ్లు. అదంతా నిలిచేది ఆరడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు జాగాలో. ఆ తొమ్మిది చదరపుటడుగుల మీద బరువును చదరపు మీటరుకు లెక్కగడితే ఎనిమిది వందల కిలోలు దాటింది.

నేల ఎంత మోస్తుందని కట్టారయ్యా అంటే, మన దేశంలో ఐఎస్ 875 ప్రకారం ఇళ్లకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. అమెరికా వాళ్ల లెక్క చదరపుటడుగుకు 40 పౌన్లు, అదీ దాదాపు అంతే. సముద్రాలు దాటినా మనిషి బరువు మారదు కదా. ఈ లెక్క కాగితం మీద అర్థం కాకపోతే ఇలా చూడండి. గదంతా నీళ్లు నింపితే, లోతు జానెడుకు అంగుళం తక్కువ వచ్చేసరికి ఆ 200 కిలోలూ అయిపోతాయి. ఈ తొట్టిలో నీళ్లు మూరెడు పైచిలుకు లోతు.

మావాడు ఊరుకోలేదు. "మొన్న సత్యనారాయణ వ్రతానికి ఇరవై మంది వచ్చారు. మనిషికి డెబ్బై కిలోలు వేసుకున్నా పద్నాలుగు వందల కిలోలు. అప్పుడు కూలలేదే?" అన్నాడు. లాయరు కావలసినవాడు. వ్రతానికొచ్చినవాళ్లు గదంతా పరుచుకుని కూర్చుంటారు, ప్రసాదం తిని పోతారు. తొట్టి పోదు. పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి అదే చోట కూర్చుంటుంది. కర్ర స్వభావం ఏమిటంటే, బరువు ఆగకుండా ఉంటే మెల్లమెల్లగా ఇంకా ఇంకా వంగుతూనే ఉంటుంది. విరగనవసరం లేదు. పద్నాలుగు అడుగుల దంతె మనుషుల బరువుకు అర అంగుళం దాకా వంగొచ్చని అమెరికా వాళ్ల నిబంధనలే ఒప్పుకుంటాయి. మనుషులకది తెలీను కూడా తెలీదు. కాని బల్ల ఒక మూల దిగి తొట్టి మెలి తిరిగితే గాజు పలకల అతుకు ఊరుకోదు. నేల కూలడం కన్నా ముందు అతుకు వదులుతుంది, నీళ్లన్నీ నేల పాలవుతాయి.

ఇక జాగా సంగతి. కోడలు ఈశాన్యం మూల అంది. "నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలి మామా, వాస్తు" అంది. నిజమే, వాస్తు అలాగే అంటుంది. ఈశాన్యం తేలిగ్గా ఉండాలి, అక్కడ బరువు పెట్టకూడదని కూడా అదే వాస్తు అంటుంది. నీళ్లూ ఉండాలి, బరువూ ఉండకూడదు. ఏడు క్వింటాళ్ల నీళ్లతొట్టి దగ్గర ఈ రెండు సూత్రాలూ ఎలా పొసుగుతాయో ఏ పండితుడన్నా చెబితే వినాలని ఉంది. మా ఊళ్లో ఈశాన్యంలో బావి ఉండేది. బావి బరువు భూమాత మోసేది.

బేస్‌మెంటులోకి దిగాను. అదృష్టం, దానికి సీలింగ్ వేయలేదు. తల పైకెత్తితే దంతెలు! వాళ్లు జాయిస్టులంటారు. పదహారు అంగుళాలకొకటి వరసగా నిలువు పలకలు, వాటి మీద ప్లైవుడ్డు, దాని మీద పైన మనం చూసి మురిసే మెరుపు చెక్క. మా మిద్దె పద్ధతే. నాకు పుట్టింటికొచ్చినట్టయింది. కాని టేపు పెట్టి కొలిస్తే ఒళ్లు మండింది. వాటి పేరు రెండు బై పది. మందం అంగుళమున్నర, ఎత్తు తొమ్మిదింపావు. అడిగితే, దేశమంతా అంతేనట, పచ్చి కర్ర కోసినప్పటి కొలతట, చెక్కి ఆరబెట్టాక తగ్గుతుందట. మా వడ్రంగి నాలుగంగుళాల దంతె అని మూడున్నర అంగుళాలది తెచ్చుంటే మా నాయన కూలిలో అర్ధరూపాయి కోసేవాడు.

పైన తొట్టి పెట్టబోయే మూల ఎక్కడొస్తుందో కింద గుర్తు పెట్టుకున్నాను. ఆ గోడ దంతెలు పోయే దిక్కుకు సమాంతరంగా ఉంది. అంటే ఆరడుగుల తొట్టీ ఒక దంతె మీద, మహా అయితే రెండు దంతెల మీద కూర్చుంటుంది. అదే తొట్టిని పక్క గోడకు, దంతెలకు అడ్డంగా పెడితే నాలుగైదు దంతెలు పంచుకుంటాయి, పైగా వాటి కొసలు పునాది గోడ మీదే ఆనుకుని ఉన్నాయి. అక్కడైతే చిల్లిగవ్వ ఖర్చు లేదు. ఇంకో సంగతి కూడా చూశాను. తొట్టి కిందికొచ్చే ఆ రెండు దంతెల్లో ఒకదానికి నడుమ భాగంలో, అడుగు అంచున, పైపు పోవడానికని ఎవడో రంపంతో గాడి కోసి పెట్టాడు. పైపు అక్కడి నుంచి తీసేశారు, గాడి మాత్రం మిగిలింది. పలక మధ్యలో బెజ్జం వేసుకోవచ్చు, ఎత్తులో మూడో వంతుకు మించకుండా. నడుమ మూడో వంతు భాగంలో అంచు కోయడం మాత్రం వాళ్ల నియమాల్లో కూడా తప్పే. వంగేటప్పుడు లాగుడంతా పడేది కింది అంచు మీద. దాన్నే కోశాడు మహానుభావుడు.

"పక్క గోడకు పెట్టండి, పైసా పని లేదు" అన్నాను. పక్క గోడకు టీవీ ఉందట. టీవీని కదపడమా! నేనింక మాట్లాడలేదు. ఆ టీవీ బరువు పాతిక కిలోలుండదు.

అలా టౌన్‌షిప్ పర్మిట్టుతో నేలకు బలం చేర్చే పని మొదలైంది. వచ్చిన కాంట్రాక్టరు, చెప్పుకోవాలి, పని తెలిసినవాడే. గాడి పడ్డ దంతెకూ దాని తోడు దంతెకూ అదే ఎత్తున్న కొత్త పలకలు, ఈ గోడ నుంచి ఆ దూలం దాకా ఒకే పొడుగువి, బంక పూసి బోల్టులు బిగించాడు. పక్క దంతెలు కూడా పాలు పంచుకునేలా మధ్యమధ్య అడ్డ ముక్కలు దిగ్గొట్టాడు. వాటి కింద అడ్డంగా మూడు పలకలు కలిపి చేసిన దూలం, దానికి రెండు ఇనుప నిట్రాడలు. అవి మర తిప్పి ఎత్తు సరిచేసుకునేవి. మావాడు వాటిని బేస్‌మెంటు గచ్చు మీదే నిలబెట్టేస్తే సరిపోతుంది కదా అన్నాడు. గచ్చు మందం నాలుగంగుళాలు, కింద మట్టి. మా మిద్దెలో నిట్రాడ కింద కడప రాయి వేయకుండా ఎవడన్నా నిలబెట్టాడా? నేను నోరు తెరిచేలోపు కాంట్రాక్టరే గచ్చు కోసి గుంత తీసి కాంక్రీటు పోయించాడు. ఆ కాంక్రీటు ఆరేదాకా ఆగి, మర రోజుకు కాస్త చొప్పున తిప్పాడు. ఒక్కసారే ఎత్తేస్తే పైన గోడలకు బిగించిన జిప్సం అట్టలు చిట్లుతాయట. మా రోజుల్లో జారిన దంతెను ఎత్తేటప్పుడూ ఇంతే ఓపిక.

చివర్న మావాడు ఫోన్ నేల మీద పెట్టి లెవెలు చూశాడు. ఫోన్ పొడుగు అరడుగు, తొట్టి పొడుగు ఆరడుగులు. నేను షాపులో పారదర్శకమైన ట్యూబు తెప్పించి, నీళ్లు పోసి, బుడగ లేకుండా దులిపి, ఒక కొస మనవడి చేతికిచ్చి ఇంకో కొస నేను పట్టుకుని చూస్తే వంటింటి వైపు పావంగుళం దిగి ఉంది. బల్ల కాళ్ల కింద సన్న చెక్క పెట్టి సరిచేశాం. తాపీ మేస్త్రీకి తెలిసినంత ఫోన్‌కు తెలీదు.

అలాగని మా మిద్దెలన్నీ దేవుడు కట్టాడని నేననను. వానకు మిద్దె కురవకుండా ఏటా చవుడు మట్టి పోసేవాళ్లం. పాత చవుడు గీకి తీయాలి. తీసేవాళ్లు తక్కువ. తాతలనాటి చవుడు మీద తండ్రులనాటిది, దాని మీద మనది. పొర మీద పొర పేరుకుని, ముసురు పట్టినప్పుడు నీళ్లు తాగి, నడి రాత్రి దంతెలు ఫెళ్లుమన్న ఇళ్లు మా వైపు ఎన్నో. నేనే వెళ్లి పంచనామా కాగితాల మీద సంతకాలు పెట్టాను. కోస్తాలో మద్రాసు టెర్రసు వాళ్లు టేకు దంతెలు, సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ అని గొప్పలు పోతారు గాని, దంతె కొస గోడలో తడిసి పుచ్చితే వాళ్లదీ అదే గతి. తేడా ఒక్కటే. మాకు పైకి చూస్తే కనబడేది. చూసీ చూడనట్టున్నామంటే ఆ పాపం మాది. వీళ్లు అట్ట బిగించి, రంగేసి, లైట్లు పెట్టి, చూడ్డానికే వీల్లేకుండా చేసుకున్నారు.

మన ఊళ్లల్లో మాత్రం ఏమంత గొప్పగా ఉంది? హైదరాబాదులో నాలుగో అంతస్తు బాల్కనీలో రాతి తొట్లు, తామరపూలు. విజయవాడలో డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు స్లాబు నడిమధ్యన. నిండితే టన్ను. మెట్ల గది గోడల మీదో, స్తంభాల నెత్తినో పెడితే హాయిగా ఉంటుంది కదా అంటే, "నీళ్ల ఫోర్సు రాదండీ" అంటారు. ఫోర్సు వచ్చేది ఎత్తును బట్టి. మెట్ల గది ఎత్తులోనే ఉంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువనుకుంటారేమో, ఇక్కడ వినేవాడే దొరకడు.

ఇప్పుడు మనవడికి కూడా తొట్టి కావాలట, పైన వాడి పడక గదిలో. చిన్నదేనట, 55 గ్యాలన్లు. నిండితే 280 కిలోలు. పడక గదులకు వాళ్ల లెక్క ఇంకా తక్కువ, చదరపుటడుగుకు 30 పౌన్లే. గదిలో ఆరంగుళాల లోతు నీళ్లు కూడా ఓర్చుకోదు. పైగా ఈసారి కింద బేస్‌మెంటు లేదు, భోజనాల గది ఉంది. నిట్రాడ నిలబెడితే అన్నం గిన్నెల మధ్యన నిలబెట్టాలి. "ముందు దంతెలు ఎటున్నాయో చెప్పరా, తర్వాత మాట్లాడదాం" అన్నాను. అట్ట వెనక ఉన్నవాటిని ఎలా చూడాలి తాతా అన్నాడు. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఇచ్చాను. అట్టను దంతెకు బిగించిన మేకులు వరసగా ఉంటాయి, అది ఎక్కడ అతుక్కుంటే అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టమన్నాను. డైనింగ్ టేబుల్ ఎక్కి సీలింగ్ నిండా చుక్కలు పెట్టాడు. వాళ్లమ్మ మా ఇద్దరినీ తిట్టింది. దంతెలు మాత్రం దొరికాయి, తూర్పు పడమరలుగా ఉన్నాయి. తొట్టికి నేనింకా ఒప్పుకోలేదు.