ముక్కల పిన్నిగారు

చీరకి ఆయుష్షు ఎన్నాళ్ళు? మా ఆవిడ లెక్కలో, ఎదురింటావిడ అలాంటిదే కట్టుకుని లిఫ్టులో ఎదురుపడేదాకా. స్టీలు సామాన్లావిడ లెక్కలో, అంచు నల్లబడేదాకా. మా పై అంతస్తు ముక్కల పిన్నిగారి లెక్కలో మాత్రం చీరకి చావే లేదు. "చీర చిరిగితే దుప్పటి, దుప్పటి చిరిగితే గలీబు, గలీబు చిరిగితే సంచి, సంచి చిరిగితే పువ్వు" అంటారావిడ. పువ్వు చిరిగితేనో అని అడిగాను ఒకసారి. "నేను కుట్టాక ఎందుకు చిరుగుతుందయ్యా?" అన్నారు.

అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో ఏ అపార్టుమెంటుకి వెళ్ళినా ఒక వాచ్‌మన్, ఒక అసోసియేషన్ ప్రెసిడెంటు, ఒక ముక్కల పిన్ని ఉంటారు. మొదటి ఇద్దరూ మారుతుంటారు. మూడో మనిషిని గుర్తుపట్టడం తేలిక. అరవై దాటిన వయసు, ముక్కు కొసకి జారిన కళ్ళజోడు, పమిట మీద దారంతో సహా గుచ్చిన రెండు సూదులు. పసిపిల్లల్ని ఎత్తుకోమని ఆవిడ చేతికివ్వరు. ఆవిడతో మాట్లాడుతుంటే మన మొహం వైపు చూడరు, మన చొక్కా కాలరు వైపు చూస్తారు. అది చూపు కాదు, ఎదురుచూపు. నా నీలంగళ్ళ చొక్కా గురించి మూడేళ్ళుగా అడుగుతున్నారు: "ఇంకా గట్టిగానే ఉందా నాయనా?" బీపీ ఎలా ఉందని అడిగినంత ఆప్యాయంగా.

వాళ్ళింట్లో బట్ట తొడుక్కోని వస్తువు లేదు. మిక్సీకి గౌను, ఫ్రిజ్ పిడికి చేతితొడుగు, నీళ్ళ బిందెకి లేసు టోపీ. దూరదర్శన్ రోజుల్లో టీవీ మీద లేసు గుడ్డ, దాని మీద ఒక బొమ్మ లేని ఇల్లుండేది కాదు. ఆ తర్వాత టీవీలు పలకల్లా పలచబడి గోడకెక్కేసరికి, గుడ్డ పరవడానికి పైన జాగా లేకుండా పోయింది. ఆ దెబ్బ నుంచి పిన్నిగారు కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇంతలో ఇంటికి వైఫై డబ్బా వచ్చింది. దానికి రెండు కొమ్ములు. ఆ కొమ్ములకి రెండు చేతులు పెట్టి లేసు జాకెట్టు కుట్టేశారు. సిగ్నలు రావడం లేదని మనవడు మొత్తుకుంటే, "గాలి ఆడ్డానికేగా లేసు!" అన్నారు.

ఇక ముడిసరుకు. రోజూ పదింటికి పిన్నిగారు సంచి తగిలించుకుని బయల్దేరతారు. ముందు అమీర్‌పేట బ్లౌజు టైలర్లు. వాళ్ళ మిషను కింద రాలిన లైనింగు, కాటను ముక్కలు ఆవిడ కోసం పక్కన పెడతారు. తర్వాత పంజాగుట్ట బొటిక్కులు. అక్కడ దొరికేవి నెట్టు, రా సిల్కు, తళుకులు. రెండింటి మీదా ఆవిడ తీర్పు ఒకే ముక్కలో: "పంజాగుట్ట ముక్కకి డాబెక్కువ, అమీర్‌పేట ముక్కకి ఆయుష్షెక్కువ."

మూడో గని లేడీస్ హాస్టళ్ళు. మైత్రీవనం చుట్టూ జావా, పైథాన్ అంటూ కోర్సులు నేర్చుకునే పిల్లలు ఉద్యోగం రాగానే గది ఖాళీ చేస్తారు. పోతూ పోతూ దుప్పట్లు, దిండు గలీబులు వదిలేసి పోతారు. ఆ దుప్పట్ల గుట్టని బట్టి సాఫ్ట్‌వేరు రంగం ఎలా ఉందో పిన్నిగారు చెప్పేస్తారు. "ఈ నెల గలీబులు రాలేదమ్మా, పిల్లలకి ఉద్యోగాలు పడ్డం లేదు పాపం" అన్నారంటే, పేపర్లో ఆ వార్త రావడానికి ఇంకో నెల పడుతుంది.

2018 సెప్టెంబరులో ఈ వైపు మెట్రో వచ్చినప్పటినుంచి పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి ఒక్క స్టేషనే గనక సంచితో సహా రైలెక్కుతున్నారు. ఒకరోజు నేనూ వెంట ఉన్నాను. మిషన్లోంచి సంచి వెళ్ళగానే సెక్యూరిటీ కుర్రాడు ఆపాడు.

"అమ్మా, సంచిల కత్తెరున్నది."

"కత్తెర లేకుండా ముక్కలెలా అవుతాయి బాబూ?"

"ఏం ముక్కలమ్మా?"

ఆ ప్రశ్న వెయ్యకూడదని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పినట్టు లేదు. పిన్నిగారు బల్ల మీద ఒక్కొక్కటే పరిచి చెప్పడం మొదలుపెట్టారు. వెనక వరస ఎస్కలేటరు దాకా పెరిగింది. చివరికి ఆ కుర్రాడే దండం పెట్టి, "లోపట్నే పెట్టుకోరి, బయటికి తియ్యకురి" అని పంపించాడు. రైలెక్కాక పిన్నిగారు అన్న మాట: "చూశావా, ఆ అబ్బాయి చొక్కా జేబు కుట్టు ఊడింది. అడిగితే కుట్టేదాన్ని."

పిన్నిగారికి లోకంలో ఒక్కరే శత్రువు. నెత్తిన గంప, గంప నిండా గిన్నెలతో వారానికోసారి వచ్చే స్టీలు సామాన్లావిడ. ఒక ఆదివారం మా ఆవిడ ఎనిమిది పాత చీరలు, రెండు జీన్సు పాంట్లు ముందేసుకుని ఒక స్టీలు బేసిను కోసం మెట్ల మీద బేరమాడుతోంది. పైనుంచి పిన్నిగారు దిగారు.

"అమ్మాయ్, ఆ చిలకపచ్చది నీ సీమంతం చీర కాదూ?"

మా ఆవిడకే గుర్తు లేదు. బేరం ఆగిపోయింది.

"పోనీ, అంచొక్కటి కోసుకుంటాను, మిగతాది ఇచ్చెయ్."

"అంచు కోస్తే నాకేం మిగుల్తదమ్మా?" అంది గంపావిడ.

పిన్నిగారు పైకెళ్ళి సొంత వంటింట్లోంచి స్టీలు గ్లాసులు తెచ్చి ఆ గంపలో పెట్టి, ఎనిమిది చీరలూ పట్టుకుపోయారు. స్టీలు సామాన్లావిడకి ఎదురు స్టీలు ఇచ్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇప్పుడు వాళ్ళింట్లో ఎవరైనా నలుగురు చుట్టాలొస్తే కాఫీ గ్లాసులు మా ఇంటి నుంచి వెళ్తాయి.

ఈ జబ్బు మూలం నర్సాపురంలో ఉంది. పశ్చిమగోదావరిలో నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు తరాలుగా లేసు అల్లుతున్నారు. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు గోదావరి సీమలో ఈ విద్య మొదలుపెట్టారని చెబుతారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, సరుకు తీసుకుని వెళ్తాడు. పువ్వులు అల్లేది చేతిపని, ఆ పువ్వుల్ని కలిపేది అతుకుపని, దాని మీద కాజాకుట్టు. పిన్నిగారి అమ్మగారిది చేతిపని. వాకిట్లో కూర్చుని, వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడుతూ, చేతివంక చూడకుండా అల్లేవారట. పూట గడవని రోజుల్లో దారపు ఉండే ఇల్లు నడిపింది. ఏజెంటు "ఇది వంకర, ఇది మాసింది" అని తిప్పికొట్టిన పువ్వులన్నీ ఒక ట్రంకు పెట్టెలో చేరాయి. అమ్మగారు పోయాక అన్నదమ్ములు పొలం పంచుకున్నారు. పిన్నిగారు పెట్టె తెచ్చుకున్నారు.

ఆవిడ పనితనం చూడాలంటే ఆ పెట్టె తెరిచిన రోజు వెళ్ళాలి. పసుపు తిరిగిన లేసుని కుంకుడు రసంలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అద్దుతారు. పల్చటి గంజిలో ముంచి, పరుపు మీద పాత దుప్పటి వేసి, రేకు రేకునీ లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెడతారు. ఆ మధ్యాహ్నం బాబాయిగారికి నిద్ర ఉండదు, మంచం దొరకదు గనక. తర్వాత బాగా నలిగిన పాత పంచె తీసి, కత్తెర పెట్టకుండా చిన్న గాటు పెట్టి పర్రున చింపుతారు. కత్తెర చెయ్యి వంకర పోవచ్చు గానీ నేత దారం వంకర పోదు. అరచేతంత సంచి కుట్టి, లోపల వట్టివేళ్ళు, నాలుగు లవంగాలు వేసి, మూతికి ట్రంకు పెట్టె లేసు అతుకుతారు. మూల మీద కాడకుట్టుతో ఒక ఆకు. వెనక్కి తిప్పి చూస్తే ముడి కనపడదు. బీరువాలో పెడితే ఏడాదిపాటు వాసన.

ఇలాంటివి ఆవిడ చేతిలో ఏటా ఎన్ని తయారవుతాయో గానీ, అన్నీ మాకే వస్తాయి. పుట్టినరోజుకి సూదులు గుచ్చుకునే దిండు, గృహప్రవేశానికి గుమ్మానికి కట్టే గుడ్డ చిలకలు, ఆపరేషనై వస్తే కళ్ళజోడు సంచి. అందుకే మా అపార్టుమెంటులో ప్రతి ఇంట్లోనూ 'పిన్నిగారి సొరుగు' ఉంది. లిఫ్టు చప్పుడయితే చాలు, సొరుగులోంచి తీసి బల్ల మీద సర్దేస్తాం. మిగతావి జాకెట్టు ముక్కల దారిలోనే పోతాయి. ఒకరు పెట్టింది ఇంకొకరికి, వాళ్ళు పెట్టింది మరొకరికి. ఈ చక్రం తిరిగి తిరిగి ఒక శ్రావణ శుక్రవారం నాడు ఆవిడ వట్టివేళ్ళ సంచి తాంబూలంతో సహా ఆవిడ ఒళ్ళోకే వచ్చిపడింది. ఇచ్చింది మా ఆవిడే. పేరంటమంతా ఊపిరి బిగబట్టింది. పిన్నిగారు కళ్ళజోడు పైకి తోసి అటూ ఇటూ తిప్పి చూశారు. పమిట మీది సూది తీసి రెండు పోట్లు వేసి మా ఆవిడ చేతికే ఇచ్చారు. "అంచు ఊడిందమ్మాయ్, సరిచేశాను. ఇంకో రెండేళ్ళు తిరుగుతుంది."

ఇదంతా చూసి నవ్వుకునే నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. శిల్పారామంలో పాత చీరల కాంతా పని దుప్పట్లు వేలకి వేలు పలుకుతున్నాయి. అవి చూసి "ఇది మన బొంతేగా!" అని అక్కడే పెద్దగా అన్న మనిషి, తన సరుకు ఎందుకు అమ్మకూడదు? ఒక బొటిక్కు వాళ్ళతో మాట్లాడి పిన్నిగారిని తీసుకెళ్ళాను. వాళ్ళు సంచిని పొగిడారు, కళ అన్నారు, వారసత్వం అన్నారు. చివర్న ధర చెప్పారు, ఒక్కోటి నూట యాభై. లేసు అల్లకం లెక్కలోకి తీసుకోకుండానే అది రెండు రోజుల పని.

పిన్నిగారు సంచి వెనక్కి తీసుకుని, "ఆయ్, ఊరికే కావాలంటే ఇస్తానండి. తక్కువకైతే ఇవ్వను" అన్నారు.

దారిలో నేను గొణిగాను, అసలు ఏమీ రానిదాని కన్నా నూట యాభై నయం కదా అని. అప్పుడు చెప్పారు. వాళ్ళ ఊళ్ళకి జర్మనీ నుంచి ఒకావిడ వచ్చి లేసు వాళ్ళ గురించి పుస్తకం రాసిందట. ఇంటికొచ్చి వెతికాను. మారియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త, 1982లో అచ్చయిన పుస్తకం. రోజుకి ఆరేడు గంటలు అల్లే ఆ ఆడవాళ్ళకి రోజంతటికీ రూపాయి కూడా గిట్టేది కాదు. అయినా ఎవరినడిగినా ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక వేళ అల్లుకుంటారనే అనేవారు. సరుకు సముద్రాలు దాటేది, పేరు మాత్రం తీరిక పని. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి చెబితే పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. "ఊరికి గుర్తింపు వచ్చిందన్నమాట. ఏజెంటు తిప్పికొట్టిన పువ్వులకి ఇద్దామని నేను చూస్తున్నాను" అన్నారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీకు అమీర్‌పేట వైపు పనుంటే, ఇంట్లో నలిగిన పంచెలూ వెలిసిన చీరలూ ఉంటే, స్టీలు బేసినుకి ఆశపడకండి. మా అపార్టుమెంటు మూడో అంతస్తుకి పట్టుకురండి. ఉతికి మరీ తేండి. చొక్కాలైతే గుండీలు కోసుకోకండి, ఆవిడ లెక్క చూస్తారు. వట్టి చేతుల్తో మాత్రం మిమ్మల్ని తిరిగి పంపరు. అందుకు బాధ్యత మాది కాదు.