కదలకండి, వాలింది!

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. హైదరాబాదులో ఆ ఎండకి పగలనిది ఒకటుంది. డాబా మీద కుండీల మధ్య, తలకి తడి తువ్వాలు చుట్టుకుని, మోకాలి చిప్పలకి పట్టీలు వేసుకుని వంగి కూర్చున్న సీతాకోకచిలుకల ఫొటోగ్రాఫర్ పట్టుదల.

ఈ జాతి మనుషులు ఇప్పుడు ప్రతి కాలనీలోనూ కనిపిస్తున్నారు. పదవీ విరమణ చేసి రెండేళ్ళయి ఉంటుంది. షుగర్ కొద్దిగా, తీరిక చాలా. కెమెరా అబ్బాయి విదేశం నుంచి తెచ్చింది. దానికి తగిలించిన వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్సు మాత్రం సొంత కొనుగోలు. ఆ బిల్లు బీమా కాగితాల అడుగున, ఇంట్లో ఎవరూ తిరగేయని చోట భద్రంగా ఉంది.

వేసవి చివరి రోజులే ఈయనకి పండగ. మృగశిర నాడు ఊళ్ళో సగం మంది చేపల కోసం పరుగెడితే ఈయన డాబా ఎక్కుతాడు. తొలి జల్లు పడగానే కరివేపాకు, నిమ్మ లేత చిగుళ్ళు వేస్తాయి. ఆ చిగుళ్ళ మీద గుడ్లు పెట్టడానికి తల్లులు వస్తాయి. అవి ముందరి కాళ్ళతో ఆకుని తట్టి రుచి చూస్తాయి. తమ పిల్లలు తినే ఆకే అని తేలితేనే గుడ్డు పెడతాయి. సంబంధం చూడ్డానికి వచ్చిన పెళ్ళివారు కూడా ఇంత పరీక్షగా చూడరని ఈయన అందరికీ చెబుతాడు. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసిన మనిషి కాబట్టి నమ్మవచ్చు.

వేట ఉదయం ఏడున్నరకి మొదలు. ఒళ్ళు వేడెక్కందే సీతాకోకచిలుక సరిగ్గా ఎగరలేదు. అందుకని పొద్దుటెండలో రెక్కలు పరుచుకుని కూర్చుంటుంది. సరిగ్గా అదే సమయానికి పనమ్మాయి బట్టలారేయడానికి బకెట్ పట్టుకుని మెట్లెక్కుతుంది. "కదలకండి, వాలింది!" అని ఈయన గొంతు అణచుకుని అరుస్తాడు. పనమ్మాయి ఒక కాలు గాల్లో పెట్టి బొమ్మలా నిలబడిపోతుంది. ఆమెకి అలవాటే. ఈ పని కూడా కలుపుకుని జీతం పెంచమని పోయిన నెల అడిగింది, న్యాయంగానే.

అంత దగ్గర నుంచి తీసేటప్పుడు పూర్తి స్పష్టంగా వచ్చే మేర కొద్ది మిల్లీమీటర్లే. కన్ను కుదిరితే రెక్క మసక, రెక్క కుదిరితే మీసం మాయం. రెక్కలు మూసి కూర్చున్నప్పుడు కెమెరాని రెక్కకి సమాంతరంగా పట్టాలి, ఊపిరి బిగబట్టాలి, నీడ దాని మీద పడకూడదు. ఇదంతా కుదిరేలోపు అది వెళ్ళిపోతుంది. అందుకే ఈయన కంప్యూటర్లో నూరు వరహాల పూల ఫొటోలు వేలల్లో ఉన్నాయి. ప్రతిదాని మీదా క్షణం కిందటి దాకా ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు.

అందరికన్నా ఏడిపించేది టెయిల్డ్ జే. ఇంటి ముందు నిటారుగా పెరిగే అశోక చెట్లు దాని పిల్లలకి పుట్టిల్లు. నల్లటి రెక్కల మీద ఆకుపచ్చ చుక్కలు. తేనె తాగుతూ కూడా రెక్కలాడించడం మానదు, బస్సు కదులుతుండగా టీ తాగే కండక్టరులా. దాని మీద ఒక్క పొద్దున్నే 212 ఫొటోలు ఖర్చుపెట్టాడు. అన్నింట్లోనూ ఆకుపచ్చటి పొగ వచ్చింది.

ఇంకోసారి ఏకంగా అదృష్టమే నెత్తినెక్కింది. తడి మట్టిలోని లవణాలు పీల్చుకునే అలవాటున్న ఈ ప్రాణులు మనిషి చెమటని కూడా వదలవు. ఎండలో తడిసి ముద్దయిన ఈయన కెమెరా పట్టీ మీద ఒకటి వాలి, పావుగంట తీరిగ్గా కూర్చుంది. మాక్రో లెన్సుతో లోకంలో దేన్నయినా తీయవచ్చు, ఆ లెన్సున్న కెమెరా పట్టీని తప్ప.

ఇంట్లో అసలు యుద్ధం కరివేపాకు దగ్గర. కామన్ మోర్మన్ అనే నల్ల సీతాకోకచిలుక గొంగళిపురుగులకి అదే అన్నం. చిన్నప్పుడు అవి అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి, ఏ పిట్టా ముట్టదు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ములు బయటపెట్టి కంపు కొడతాయి. చారులోకి రెబ్బ తుంచబోయిన ఇల్లాలు ఆ కొమ్ములు చూసి కెవ్వుమంది. ఈయన పరుగెత్తుకొచ్చాడు, పురుగుకేమైందోనని.

"మన ఊళ్ళో బత్తాయి తోటవాళ్ళు వీటిని ఏరి చంపుతారండీ!"

"అవి నిమ్మ సీతాకోకచిలుకవే, వేరే రకం. దీని పిన్ని కొడుకులు."

బంధుత్వం తెలిశాక కూడా ఆవిడ మెత్తబడలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో కరివేపాకు రైతుబజారు నుంచి వస్తుంది.

ఇక ఆ పేర్ల ముచ్చట ఎత్తితే టీ చల్లారిపోవాల్సిందే. 1758లో లిన్నేయస్ తోకలున్న ఈ పెద్ద సీతాకోకచిలుకలకి ట్రాయ్ యుద్ధ వీరుల పేర్లు పెట్టాడు. టెయిల్డ్ జే గ్రీకుల పెద్ద ఆగమెమ్నాన్. క్రిమ్సన్ రోజ్ ట్రాయ్ రాకుమారుడు హెక్టర్. కరివేపాకు తినే మోర్మన్ అతని తమ్ముడు పాలిటీస్. హెక్టర్ పిల్లలు ఈశ్వరి తీగ తిని ఒంట్లో విషం పోగేసుకుంటాయి కనుక పక్షులు వాటి జోలికి వెళ్ళవు. పాలిటీస్ ఆడవాళ్ళలో ఒంట్లో విషం లేకపోయినా కొందరు హెక్టర్ వేషం, కొందరు కామన్ రోజ్ వేషం కడతారు. మిగిలినవాళ్ళు మగవాళ్ళ నలుపు తెలుపులతోనే సరిపెట్టుకుంటారు. ఇన్ని వేషాల భార్యలున్నారని నవ్వుకుని, బహుభార్యాత్వానికి పేరుపడ్డ అమెరికా మతస్థుల పేరు దానికి ఇంగ్లీషువాళ్ళు తగిలించారు. గ్యాస్ సిలిండర్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు ఈ కథంతా విని, సంతకం పెట్టించుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఇంత చదువున్న మనిషి జూన్ రెండో వారంలో ఒక ప్యూపాకి కాపలా కాశాడు. కరివేపాకు కొమ్మకి నడుము చుట్టూ పట్టుదారం కట్టుకుని వేలాడుతున్న ఆకుపచ్చ గూడు అది. తొమ్మిది రోజులు స్టాండు వేసే ఉంచాడు. రాత్రి వాన పడితే దానికి గొడుగు పట్టాడు. పదో రోజు పొద్దున్న గూడు నల్లబడి లోపలి రెక్కలు కనిపించాయి. బ్యాటరీ ఎర్ర గీత చూపించింది. చార్జింగులో ఉన్న రెండోది తేవడానికి కిందికి దిగినవాడు, ఫోన్లో తోడల్లుడు తగులుకోవడంతో గంటా పది నిమిషాల తరవాత పైకెక్కాడు. గూడు ఖాళీ. పక్కన ఇల్లాలు మొక్కలకి నీళ్ళు పోస్తోంది.

"వచ్చిందా?"

"వచ్చింది. మడతలు పడి ముద్దగా ఉంది. వేలాడుతూ రెక్కలు సాగదీసుకుంది, ఆరబెట్టుకుంది. చాలాసేపు కూర్చుని ఇప్పుడే పోయింది."

"పిలవొద్దూ!"

"కదలకూడదన్నారుగా."

ఆయన మారు మాట్లాడకుండా పుస్తకం తెచ్చి, పోలీసు స్టేషన్లో అనుమానితులని నిలబెట్టినట్టు బొమ్మలన్నీ ఆవిడ ముందు పరిచాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఏమాత్రం తడబడకుండా ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. నల్ల రెక్క, ఎర్ర చుక్కలు. క్రిమ్సన్ రోజ్. సాక్షాత్తూ హెక్టర్.

"అది కరివేపాకు తినదే! వేషం కట్టిన మోర్మన్ అయి ఉంటుంది. సరిగ్గా గుర్తు తెచ్చుకో, అసలుదానికి ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, వేషగత్తెకి నల్లగా ఉంటుంది. నువ్వు చూసినదాని ఒళ్ళు ఏ రంగు?"

ఆవిడ చెంబులో మిగిలిన నీళ్ళు కరివేపాకు మొదట్లో పోసింది.

"ఒళ్ళెవరు చూశారండీ, అంచు చూశాను గానీ."