అరంగుళం

మా అక్క కొడుక్కి తాతగారి పేరు పెట్టారు గానీ, ఆ పేరు ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా పలకదు. ఇంటిల్లిపాదికీ వాడు అరంగుళం. ఆ పేరు పెట్టింది నేనే. ఓ ఆదివారం బీదరులో అక్కావాళ్ళింటికి పోతే కంప్యూటరు తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. మౌసును సూదిలో దారం ఎక్కించేవాడిలా పట్టుకొని, ఊపిరి బిగబట్టి, "మామా, జర ఆగు. ఇంకొక్క అరంగుళం" అన్నాడు. నేను కాళ్ళు కడుక్కొని, అక్క ఇచ్చిన చాయ్ తాగి, బావతో కందుల ధర గురించి పోట్లాడి తిరిగి వచ్చినా ఆ అరంగుళం పూర్తి కాలేదు. జరుగుతున్నది ఒక దీపం స్టాండు. అది సోఫా పక్కనే ఉంది. సోఫా పక్కనే ఉండాలి కూడా. అయితే పెట్టినట్టు ఉండకూడదట, ఉన్నట్టు ఉండాలట.

"రెండిటికీ తేడా ఏందిరా?"

కచేరీలో సినిమా పాట అడిగినవాణ్ణి విద్వాంసుడు చూసినట్టు చూశాడు.

ఈ జాతి ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉంది. గుర్తుపట్టడం తేలిక. ఆన్‌లైన్ ఆటలోకి దిగుతారు గానీ తుపాకి ముట్టరు, కారు నడపరు, రాక్షసుణ్ణి చంపరు. చంపినా వాడి దగ్గర మంచి తివాచీ ఉందని తెలిస్తేనే చంపుతారు. ఇల్లు సర్దుతారు. అంతే. మనిషి పరధ్యానంగా ఉంటే ప్రేమ వ్యవహారమేమో అనుకుంటాం. వాడు మనసులో వంటగట్టు మీద చక్కెర డబ్బా ఎటు తిప్పాలా అని చూసుకుంటుంటాడు.

మావాడికి ఇది 2020 లాక్‌డౌన్‌లో ఫోనులో మైన్‌క్రాఫ్ట్‌తో అంటుకుంది. ఆ ఆటలో కొండలున్నాయి, సముద్రాలున్నాయి, గుహలున్నాయి. కుర్చీ మాత్రం లేదు. మంచం ఒక్కటి ఇచ్చి మిగతాది మీ తెలివి అన్నారు. దాంతో లోకమంతా కుర్చీ కనిపెట్టే పనిలో పడింది. ఒక మెట్టు తెచ్చి నేలమీద పెడితే కూర్చునే చోటు. దానికి అటొకటి ఇటొకటి బోర్డు పలకలు తగిలిస్తే చేతులు. కంచె గుంజ ఒకటి పాతి దాని నెత్తిన కాలితో తొక్కే మీట పెడితే టీపాయ్. గోడకు బొక్క కొట్టి దానిమీద పటం వేలాడదీస్తే, పటంలోంచి నడిచి అవతలి గదిలోకి పోవచ్చు. పక్కింటి నాలుగో తరగతి పిల్ల వాళ్ళ నాన్న ఫోను పట్టుకొచ్చి మావాడి దగ్గర ఈ విద్యంతా నేర్చుకుంది. ఇప్పుడు ఆ పిల్ల మెట్లమీద కూర్చోమంటే "ఇది సోఫానా, మెట్టా?" అని అడిగి మరీ కూర్చుంటుంది.

2022 అక్టోబరులో సిమ్స్ 4 అనే ఆటను ఉచితం చేశారు. మావాడు ఇక తేరుకోలేదు. ఆ ఆటలో సామాన్లు పుష్కలం, కాకపోతే వాటికి క్రమశిక్షణ ఎక్కువ. నేలంతా కనబడని గళ్ళు. మంచమైనా మొక్కైనా గడిలోనే కూర్చోవాలి, ఒకదాంట్లోకొకటి దూరకూడదు. ఈ చట్టాన్ని రద్దు చేసే మంత్రం ఒకటుంది. కంట్రోలూ షిఫ్టూ సీ కలిపి నొక్కి, వచ్చిన గడిలో 'బీబీ డాట్ మూవ్‌ఆబ్జెక్ట్స్ ఆన్' అని కొట్టాలి. మావాడు దీన్ని పైకి చదువుతూ కొడతాడు, సంధ్యావందనం కూడా అంత స్పష్టంగా ఎప్పుడూ పలకలేదు. అక్కణ్ణుంచి వస్తువులకు సిగ్గూ శరమూ ఉండదు. ఆల్ట్ మీట పట్టుకుంటే బల్ల గడి దాటి ఎక్కడికైనా జరుగుతుంది. కంట్రోలూ తొమ్మిదీ నొక్కితే పూలకుండీ గాల్లోకి లేస్తుంది, కంట్రోలూ సున్నా నొక్కితే దిగుతుంది. బ్రాకెట్ మీట నొక్కుతుంటే అరచేతంత బొమ్మ గుమ్మమంత అవుతుంది.

నేను దగ్గర కూర్చొని చూసిన ఒక ఘట్టం చెప్తాను. పుస్తకాల బీరువానొకదాన్ని తీసుకెళ్ళి గోడలోకి దూర్చాడు. సగం గోడలో, సగం బయట. ఇంకాస్త నెట్టాడు. ఇప్పుడు అరల అంచులు మాత్రమే కనబడుతున్నాయి. బీరువా పోయి గోడలో గూడు అయింది. గూట్లో రెండు పుస్తకాలు, ఒకటి నిలువుగా, ఒకటి ఒరిగి. ఒరిగినదాని కింద నల్లటి కూజా. కూజా నీడ గోడమీద పడేట్టు పైన దీపం. ఇదంతా అయ్యేసరికి రెండు గంటలు. చివరికి కుర్చీ వెనక్కి వాలి, "మామా, పాత ఇంటి ఫీలింగు వచ్చిందా?" అన్నాడు.

వాడి వీపు వెనక, మూరెడు మందం రాతిగోడలో, వాళ్ళ ముత్తాత దీపం పెట్టుకోడానికి కట్టించిన అసలు గూడు ఉంది. అందులో కరెంటు బిల్లులు, ఖాళీ మాత్రల అట్టలు, దువ్వెన, ఒంటి చెవి కమ్మ ఉన్నాయి. వచ్చిందిరా అన్నాను.

వాడు సర్దిన ఇళ్ళలో మనుషులుండరు. ఇది నాకు మొదట్లో అర్థం కాలేదు. సిమ్స్ అంటేనే ఆ బొమ్మ మనుషులు. వాళ్ళకు ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, అలుగుతారు. ఆ ఆట తయారుచేసిన విల్ రైట్ ఇల్లు 1991లో అమెరికాలో ఓక్‌లండ్ మంటల్లో కాలిపోయింది. మళ్ళీ సంసారం కూడగట్టుకుంటూ, మనిషికి ఏ వస్తువు ఎందుకు కావాలా అని ఆలోచించిన ఆలోచనే 2000లో ఆటగా వచ్చింది. మొదట ఇల్లు కట్టే ఆటగానే మొదలుపెట్టాడట, ఇల్లు బాగుందో లేదో చెప్పడానికి మనుషుల్ని పెట్టాడట. మావాడికి ఆ పరీక్షాధికారులే నచ్చలేదు. ఒకసారి నా ముందే ఒక కుటుంబాన్ని దింపాడు. ఇంటాయన కుర్చీ దాకా వచ్చాడు. కుర్చీ బల్లకు అతుక్కొని ఉంది, పక్కన తాళవృక్షమంత కుండీ. దారి లేదు. ఆయన అక్కడే నిలబడి రెండు చేతులూ గాల్లో ఊపి ఏదో భాషలో గోల పెట్టాడు. ఆయన్ను మావాడు అదే రోజు వేరే ఊరికి పంపేశాడు. "మనుషులొస్తే సెట్టింగంతా ఆగమైతది మామా."

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆటలో వాడికి ఇంకో ఇల్లుంది. అది నిజంగా నలుగురి మధ్యా ఉన్న ఇల్లు. అక్కడ స్థలాలు తక్కువ, కావలసినవాళ్ళు లెక్కకు మించి. 2022 ఏప్రిల్ నుంచి లాటరీ పెట్టారు. మావాడికి చీటీ తగిలిన రోజు అక్క చేత కేసరి చేయించాడు, ఉద్యోగం వచ్చిందనుకొని పక్కింటివాళ్ళు కూడా తిన్నారు. అక్కడి పనితనం ఇంకో దారి. అడ్డతెరలూ, చెక్క దిమ్మెలూ పేర్చి ఒంటి గదిలోనే మిద్దె లేపుతారు, మిద్దె కింద చాయ్ దుకాణం పెడతారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చూసి పోతారు. ఒక షరతుంది. యజమాని 45 రోజులు గుమ్మం తొక్కకపోతే ఇల్లు కూల్చేస్తారు. అందుకని వీడు జ్వరంలోనూ, పరీక్షల్లోనూ, తిరుపతి క్యూలో తోటివాడి ఫోను బతిమాలి పట్టుకొనీ ఆ గుమ్మం గురించే దిగులుపడ్డాడు. నారాయణఖేడ్ దగ్గర వాళ్ళ తాత కట్టిన ఇల్లుంది. దాని గుమ్మం తొక్కి తొమ్మిదేళ్ళయింది. తాళం తుప్పు పట్టి, ముంగిట్లో తుమ్మ మొలిచింది. దాన్ని ఎవరూ కూల్చరు గనక దిగులు లేదు.

నారాయణఖేడ్ అంటే గుర్తొచ్చింది. అదీ, జహీరాబాదూ ఒకప్పుడు బీదరు జిల్లాలోవే. 1956లో రాష్ట్రాలను సర్దినప్పుడు బీదరును మైసూరు వైపు జరిపి, వాటిని ఆంధ్రప్రదేశ్ వైపు జరిపారు. మా చుట్టాలు సగం అటు, సగం ఇటు. మంత్రం కొట్టి సామాను జరిపినవాడికి గదిలో మనుషులున్న సంగతి గుర్తుండదని నేనంటే, బావ ఒక్కడే నవ్వాడు. ఆయనది అటువైపు ఊరు.

వీణ్ణి కాస్త ఎండ తగలనిద్దామని ఓ రోజు బీదరు పక్కనే ఉన్న అష్టూరు తీసుకుపోయాను. అక్కడ బహమనీ సుల్తానుల సమాధులు వరసగా ఉంటాయి. హుమాయూన్ షా సమాధి మీద పిడుగు పడి గుమ్మటం నిలువునా చీలింది, సగం కూలింది, సగం నిలబడే ఉంది. ఆ కోతలో గోడ మందం, గుమ్మటం వంపు అన్నీ కనిపిస్తాయి. అందరూ అక్కడ కాసేపు మౌనంగా నిలబడతారు. మావాడు మాత్రం కేకేశాడు. "మామా! కటవే మోడు!" ఆటలో లోపలి సామాను కనబడటానికి గోడల్ని సగం కోసి చూపిస్తారట. ఐదారు వందల ఏళ్ళ నాటి కట్టడానికి ఇంతకన్నా పెద్ద ప్రశంస వాడి దగ్గర లేదు. బీదరు కోటలో రంగీన్ మహల్ దగ్గర మాత్రం వాడి నోరు పడిపోయింది. నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన ఆ పని దగ్గర అరగంట నిలబడ్డాడు. వేలితో గాల్లోనే అంచు గీసి, మెల్లగా అన్నాడు: "ఒక్కచోట కూడా గ్యాపు లేదు."

వాళ్ళ గల్లీలోనే బిద్రీ పని చేసే చాచా ఒకాయన ఉన్నాడు. జస్తా, రాగి కలిపి పోతపోసిన కూజాను ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం రాసి, ఆ నలుపుమీద ఉలితో తీగలు చెక్కి, ఆ గాట్లలో వెండి తీగ పెట్టి సుత్తితో చిన్నగా కొడుతూ కూర్చుంటాడు. చివర్లో కోటలోంచి తెచ్చిన మట్టినీ, నవాసాగరాన్నీ మరిగించి అందులో ముంచితే లోహమంతా కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. 2006లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకరోజు మావాడు గర్వంగా తన తెరమీది హాలు ఆయనకు చూపించాడు. చాచా కళ్ళజోడు పైకి నెట్టి, గూడు చూశాడు, కూజా చూశాడు, నీడ చూశాడు. తల ఊపాడు. పనివాడికి పనివాడు ఊపే ఊపు అది, నాకు కొంచెం అసూయ కలిగింది. తర్వాత సోఫా మీద వేలు పెట్టి, "ఇదర్ బైఠ్‌తే కౌన్ మియాఁ?" అన్నాడు. ఇక్కడ కూర్చునేదెవరయ్యా అని. మావాడు దీపం స్టాండు సర్దసాగాడు.

పోయిన మాఘమాసంలో జహీరాబాదు నుంచి పిల్లవైపు వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తామన్నారు. హాలు సర్దే పని వాడిదే అని అక్క అప్పగించింది. అది అక్క చేసిన తప్పు. తెల్లవారుజామున లేచి దివాన్ కాట్‌ను గోడకు ఏటవాలుగా తిప్పాడు. ఇనుప బీరువాను గుంజబోయి నడుము పట్టేసింది. "ఇది గోడలోకి పోతలేదమ్మా" అని మూలిగాడు. ప్లాస్టిక్ కుర్చీలను మిద్దెమీదికి పంపాడు. షోకేసులో రెండు స్టీలు గ్లాసులు ఉంచి మిగతావన్నీ మంచం కిందికి తోశాడు. గుమ్మంలో నిలబడి ఫోనులోంచి చూస్తే, నిజం చెప్పొద్దూ, ఏదో జమీందారు ఇల్లులా ఉంది.

సర్దుడంతా అయ్యాక అక్క వంటింట్లోంచి వచ్చింది. చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఒక్కసారి చూసింది. టీపాయ్‌ను కాలితో జానెడు పక్కకు తోసింది. పగిలిన షాబాదు బండ దాని కింద మాయమైంది. మూలనున్న రెండు ట్రంకు పెట్టెల మీద పాత పట్టుచీర మడిచి వేసింది, అవి దివానుకు చెల్లెళ్ళయ్యాయి. చెమ్మకు పెచ్చులూడిన చోట క్యాలెండరు తగిలించింది. అంతా కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది. మావాడు నోరు తెరిచి చూస్తూ, "అమ్మా, నీకు ఇవన్నీ ఎవరు నేర్పిన్రు?" అన్నాడు.

"నీ తండ్రి జీతం" అని వంటింట్లోకి పోయింది.

చుట్టాలొచ్చారు. ఎనిమిది మంది. గుమ్మంలోంచి చూసి పిల్ల మేనమామ "ఇల్లు మంచిగుంది" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. కదలడానికి దారి లేదు. సోఫాకు అడ్డం టీపాయ్, టీపాయ్‌కు అడ్డం దివాను, దివానుకు అడ్డం నిలువెత్తు కుండీ. టీపాయ్ జరిపితే బండ బయటపడుతుందని అక్క కళ్ళతోనే కాపలా కాస్తోంది. లోపలి గదిలోంచి చాయ్ ట్రే పట్టుకొని వచ్చిన బావ కుండీకీ దివానుకూ మధ్య ఇరుక్కున్నాడు. ముందుకు పోలేడు, వెనక్కి తిరగలేడు. ట్రే ట్రంకు పెట్టె మీద పెట్టేసి, రెండు చేతులూ గాల్లో ఊపుతూ ఏదో అంటున్నాడు. కోపానికి ఆయనకు సగం మాట తెలుగు, సగం మాట కన్నడం వస్తుంది, ఎవరికీ అర్థం కాలేదు.

మావాడు మాత్రం గుమ్మం పక్కన మోకాలు మీద కూర్చొని ఫోను కంటికి పెట్టుకున్నాడు.

"నాన్నా, జర ఆగు. ఫ్రేములకు వస్తున్నవ్. ఎడమకు ఇంకొక్క అరంగుళం."