ఆనర్స్ వల్ల లాభాలు

ఆనర్స్ డిగ్రీ వల్ల కలిగే లాభాల్లో మొదటిది కాలం ఆదా. మూడేళ్ల డిగ్రీ చేసినవారు పీజీకి రెండేళ్లు చదవాలి. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవారికి ఒక్క ఏడు చాలు. మూడూ రెండూ ఐదు, నాలుగూ ఒకటీ ఐదు. మేజర్‌గా గణితం తీసుకున్నవారు ఈ కూడిక జోలికి పోకుండా చూసుకోవడం కాలేజీల బాధ్యత.

2020 జాతీయ విద్యావిధానం సూచించిన ఈ ఏర్పాటుకు యూజీసీ 2022 డిసెంబరులో లెక్కలు ఖరారు చేసింది: 120 క్రెడిట్లకు మూడేళ్ల డిగ్రీ, 160కి ఆనర్స్. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అంతకుముందు ఆనర్స్ మూడేళ్లలోనే వచ్చేది. అక్కడ 2013లో నాలుగేళ్ల కోర్సు పెట్టి, ఏడాది తిరక్కుండా 2014లో ఎత్తేసి, 2022లో మళ్లీ తెచ్చారు. చదువుకు ఇంకో ఏడాది కావాలో వద్దో తేల్చుకోవడానికి పెద్దలకు తొమ్మిదేళ్లు పట్టింది.

రెండో లాభం, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా. వేసవి ఇంటర్న్‌షిప్ ఒకటి పూర్తిచేస్తే సరి. ఫీజు కట్టలేక ఆగిపోయిన కుర్రాడు ఇన్నాళ్లూ చదువు మానేసినవారి లెక్కలో పడేవాడు. ఇకమీదట పట్టా పుచ్చుకున్నవారి లెక్కలోకి ఎక్కుతాడు. కట్టలేని ఫీజు సంగతి అలాగే ఉంటుంది.

అన్నిటికన్నా ఘనమైనది పరిశోధన. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవారే ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’కు అర్హులు, మిగతావారు దానికి బదులు మూడు పేపర్లు రాసి ఉత్త ఆనర్స్‌తో సరిపెట్టుకోవాలి. ఆ 75 శాతం వచ్చే దారి విద్యార్థులందరికీ తెలిసిందే. పరీక్షల ముందు గైడు కొని, పాత ప్రశ్నపత్రాల్లో మళ్లీ మళ్లీ కనిపించే ప్రశ్నలకు జవాబులు అక్షరం పొల్లుపోకుండా దించేయాలి. మూడేళ్లపాటు సొంత వాక్యం ఒక్కటి రాయకుండా నిగ్రహించుకున్నవారిని ఏరి, నాలుగో ఏట కొత్త సంగతి కనిపెట్టమంటారు. దానికీ గైడు కావాలి. ఈ గైడు మాత్రం పుస్తకాల షాపులో దొరకడు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరరే డిపార్ట్‌మెంట్ మొత్తమైన కాలేజీల్లో ఆయనకు తన పీహెచ్‌డీ పూర్తిచేసుకునే తీరికే ఉండదు. అందుకని పరిశోధన భారం చివరికి డీటీపీ సెంటర్ మీద పడుతుంది. అక్కడ ఏ సబ్జెక్టైనా రెండు రోజుల్లో తేలిపోతుంది, స్పైరల్ బైండింగుతో సహా. ఆ 75 శాతం నాలుగో ఏటి చివరిదాకా నిలబెట్టుకున్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీపడవచ్చు. ఇందాక ఐదేళ్ల లెక్కలో కనిపించని ఆదా నిజానికి ఇక్కడుంది, గైడు దొరికితే.

విదేశీ లాభం వాదనకు లొంగదు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఎంఎస్‌కు పదహారేళ్ల చదువు అడుగుతాయి. ఇంటర్ దాకా పన్నెండు, డిగ్రీ మూడు కలిపితే పదిహేనే. బీటెక్ వారికి లేని ఈ లోటు బీకాం, బీఎస్సీ వారికి ఆనర్స్‌తో తీరుతుంది. దేశంలో మేధ పెంచడానికి వచ్చిన విధానం దేశం దాటేవారికే సూటిగా పనికొస్తోంది.

ఇక్కడే ఉండిపోయేవారికి ఉద్యోగాలున్నాయి. గ్రూప్-2కైనా, బ్యాంకు పీఓ పరీక్షకైనా ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. మూడేళ్లతో ఆపేసినవాడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఏడాది కోచింగ్ ముగించేసరికి, ఆనర్స్ విద్యార్థి బైండింగ్ చేయించుకుని అదే అశోక్‌నగర్‌కు చేరుకుంటాడు. పాత క్లాస్‌మేట్ ముందే అక్కడ ఉంటాడు కాబట్టి నోట్సుకు మాత్రం ఇబ్బంది ఉండదు.