నా నోట్లో పెట్టిన పాస్‌బుక్కులు

ఏటీఎం డబ్బులిస్తుంది కాబట్టి దానికి మర్యాద. నేను లెక్క చెబుతాను, అందుకే నాకు తిట్లు. పావగడలో, శనిమహాత్మ గుడికి వచ్చే జనం దిగే బస్టాండుకు కాస్త దూరంలో, ఒక బ్యాంకు గాజు తలుపు పక్కన నిలబడి ఉండే పాస్‌బుక్కు యంత్రాన్ని నేను. పుస్తకం తెరిచి నా నోట్లో పెడితే బార్‌కోడు చదువుతాను, పెద్ద కంప్యూటరును అడుగుతాను, పోయినసారి ఆగిన వరుస దగ్గర్నుంచి అచ్చు వేస్తాను. నా తలలో 24 సూదులున్నాయి. అవి రిబ్బను మీద పడే చప్పుడే నా గొంతు.

తెర మీద కన్నడం, ఇంగ్లీషు, హిందీ చూపిస్తాను. నా ముందు నిలబడినవాళ్లలో చాలామంది మాట్లాడుకునేది తెలుగు. మా జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, కానీ మూడు దిక్కులా ఆంధ్రే. “అన్నా, దుడ్లు పడినాయేమో చూడు” అని చదువురాని అవ్వలు వెనకనున్న కాలేజీ పిల్లల్ని అడుగుతుంటారు. పడి ఉంటే నేను గరగరమంటాను. పడకపోతే పుస్తకం అట్లాగే బయటికి తోసేస్తాను. అప్పుడు వినాలి ఆ తిట్లు!

సోలారు పార్కు వచ్చాక కొన్ని ఊళ్ల పుస్తకాల్లో కొత్త వరుస కనబడింది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల దగ్గర సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు అది. 2018లో మొదలైంది. భూమి కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వాన రాకపోయినా ఆ వరుస వస్తుంది. భూమి లేని కూలోళ్ల పుస్తకాల్లో మాత్రం రాదు, పైగా ఆ చేలల్లో వాళ్లకుండే పని కూడా పోయింది. ఇంకో మాట: అంత ఎండను కరెంటు చేసే తాలూకాలో మా వీధికి కరెంటు పోతే నేనూ నోరు మూసుకోవాల్సిందే.

అట్లాంటి భూమి లేని కూలి ఇంటి నుంచే వచ్చింది ఒక పాప. పదో తరగతి. వెంట అమ్మ, మేనమామ. సెలవుల్లో శెనక్కాయలు ఒలిచిన కూలి, పండగలకు చేతిలో పెట్టినవి, అన్నీ కలిపి రెండు వేల దాకా ఉన్నాయట. ఖాతా తెరవాలి. ఎక్కడ తెరవాలన్నదే తగువు.

“పోస్టాఫీసులో వెయ్యి పాపా, వడ్డీ ఎక్కువ” అన్నాడు మామ.

“మన సొసైటీలో ఇంకా ఎక్కువిస్తారంట గదరా” అంది అమ్మ.

“హిందూపురంలో ప్రైవేటు బ్యాంకుంది, మా ఫ్రెండు వాళ్లన్న దాంట్లోనే వేస్తాడు” అంది పాప.

నాకు మాటలొస్తే అప్పుడే చెప్పేదాన్ని. స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతాకు 2025 జూన్ నుంచి ఇస్తున్నది 2.5 శాతం. పోస్టాఫీసు 4 శాతం ఇస్తుంది. వినడానికి పెద్ద తేడానే. రెండు వేల మీద ఏడాదికి ఒకచోట 50 రూపాయలు, ఇంకోచోట 80. అంటే గొడవంతా 30 రూపాయల కోసం. అదీ డబ్బు కదలకుండా ఉంటేనే. పోస్టాఫీసు వాళ్లు నెలలో 10వ తేదీ తర్వాత ఖాతాలో ఎప్పుడు అతి తక్కువ ఉందో దానికే వడ్డీ కడతారు. బ్యాంకులో 2010 ఏప్రిల్ నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజు లెక్క. మధ్యమధ్యలో తీసుకునే పిల్లలకు ఆ 30 కూడా మిగలదు.

అసలు దెబ్బ వేరేచోట ఉంది. నేను అచ్చువేసే వరుసల్లో చిన్న ఖాతాలను తినేవి వడ్డీ పక్కన కాదు, ఖర్చు పక్కన ఉంటాయి. ఏటీఎం కార్డుకు ఏడాదికి 200 రూపాయలు వేసే బ్యాంకులున్నాయి, మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 236. కనీస నిల్వ తగ్గితే ఇంకో కోత. స్టేట్ బ్యాంకు కనీస నిల్వ నిబంధనను 2020లోనే ఎత్తేసింది, కెనరా బ్యాంకు 2025 జూన్‌లో జరిమానా మానేసింది. ప్రైవేటు బ్యాంకుల్లో చాలావాటికి వేలల్లో నిల్వ ఉంచాలి. శెనక్కాయలు ఒలిచే పిల్లకు ఆ చల్లని ఏసీ గది ఎందుకు?

సొసైటీ సంగతి ఇంకా ముఖ్యం. బ్యాంకు మునిగితే ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంది, 2020 నుంచి. మా శాఖకూ ఉంది, గ్రామీణ బ్యాంకుకూ ఉంది. పోస్టాఫీసుకు సర్కారే పూచీ. ఊరి పరపతి సంఘాలకు ఆ బీమా లేదు.

ఈ మాటలన్నీ కౌంటరులోని మేడమే చెప్పింది, నాకు రావలసిన పేరు ఆమెకు పోయింది. “బేసిక్ ఖాతా అని అడుగమ్మా” అంది. దానికి కనీస నిల్వ లేదు, కార్డుకు ఏటా రుసుము లేదు, నెలకు నాలుగుసార్లు ఉచితంగా తీసుకోవచ్చు. పదేళ్లు దాటిన పిల్లలకు వాళ్ల పేరునే ఖాతా తెరిచి, బ్యాంకు పెట్టిన పరిమితి లోపల వాళ్లే నడుపుకోనివ్వచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది, 2025 ఏప్రిల్‌లో నిబంధనలను మళ్లీ సరిచేసింది. అమ్మ గార్డియన్‌గా ఉన్నా చెల్లుతుంది. 18 నిండగానే వచ్చి కొత్త సంతకం ఇవ్వాలి.

పాప అడిగిన చివరి ప్రశ్న నాకు నచ్చింది: “మేడమ్, పది అయినాక నేను పీయూసీకి వచ్చేది ఈ ఊరికే కదా, అయితే ఇక్కడే దగ్గర కదా?” ఆ ఒక్క లెక్కే నిలబడేది. బ్యాంకుల పేర్లు నిలబడవు. తుమకూరు జిల్లా కల్పతరు గ్రామీణ బ్యాంకు 2006లో కావేరి కల్పతరు అయింది, 2012లో కావేరి, 2019లో కర్ణాటక గ్రామీణ్ బ్యాంకు, 2025లో ఇంకో విలీనం. గట్టు అవతల అనంతపురంలో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు ఆంధ్ర ప్రగతి అయి, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డులు మారినా నడిచే దూరం మారలేదు.

ఒక పీయూ కుర్రాడి సంగతి చెప్పాలి. స్కాలర్‌షిప్ కోసం రోజూ వచ్చి పుస్తకం పెట్టేవాడు. నేను తోసేసేదాన్ని. నన్ను గుద్దాడు కూడా. తీరా చూస్తే ఫోన్‌లో ఏదో ఆఫరు చూసి వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, ఆధారు దానికి జతచేశాడు. ఎన్ని ఖాతాలున్నా ఆధారు మీద వచ్చే సర్కారు డబ్బు ఒక్క బ్యాంకుకే పోతుంది, చివరగా ఎక్కడ జతచేస్తే అక్కడికి. అతని డబ్బు అక్కడ హాయిగా కూర్చుని ఉంది. గుద్దులు నాకు మిగిలాయి.

ఖాతా తెరవాలనుకునే పిల్లలకు చెప్పేదొకటే. ఆధారు, పుట్టిన తేదీ కాగితం, ఫొటోలు తీసుకుని అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని రండి, “ఏటా ఏమేం కోస్తారు?” అని మొదట అడగండి, వడ్డీ తర్వాత అడగండి. పాస్‌బుక్కు వచ్చాక ఇంట్లో పెద్దవాళ్లు లక్ష్మీదేవి అని పసుపు కుంకుమ పెడతారు. పెట్టనివ్వండి, కానీ బార్‌కోడు మీద వద్దు. నాకు కనబడదు.