‘ఉప్మా నైస్‌గా ఉంది’: టీకా తాత్పర్య సహితం

మూలం: “అమ్మాయ్, ఉప్మా నైస్‌గా ఉందమ్మా.” (కోడలితో మామగారు)

టీక: అమ్మాయ్ = ఓ కోడలా; ఉప్మా = పొద్దున్నే పళ్లెంలోకి వచ్చిన ఆ పదార్థము; ఉందమ్మా = ఉన్నది తల్లీ; నైస్‌గా = చిక్కంతా ఇక్కడే.

వ్యాకరణం: నైస్‌ను ఇంగ్లీషు మాటే అనుకుంటాం గానీ, దాని తండ్రి ఫ్రెంచి, తాత లాటిన్. తాతగారి పేరు నెస్కియుస్. ‘నే’ అంటే లేదు. మన సంస్కృత నకారానికి తోబుట్టువు. ‘స్కీరె’ అంటే ఎరుగుట. వెరసి ఎరుగనివాడు. మన ‘అజ్ఞుడు’ ఎలా పుట్టాడో ఇతడూ అలాగే పుట్టాడు. అజ్ఞః, అజ్ఞా, అజ్ఞమ్ అన్నట్లే నెస్కియుస్, నెస్కియా, నెస్కియుమ్ అని విశేష్యాన్ని బట్టి లింగం మారుతుంది. దేన్ని ఎరుగడో దానికి షష్ఠీ విభక్తి. వర్జిల్ మహాకవి తుమున్నర్థంతోనూ ప్రయోగించాడు. సైన్స్ కూడా ఆ స్కీరె సంతానమే. అంటే నైసు, సైన్సు దాయాదులు. ఇంగ్లీషులోకి వచ్చాక లింగవిభక్తులన్నీ రాలిపోయి నైస్ ఒక్కటే మిగిలింది.

అర్థ విచారం: 1300 ప్రాంతంలో ఇంగ్లండులో నైస్ అంటే మూఢుడు. తర్వాత చాదస్తుడు, ఆపైన అతిసూక్ష్మం. 18వ శతాబ్దానికి ‘బాగుంది’ అనిపించుకుంది. తిట్టుగా బయల్దేరి మెప్పుగా స్థిరపడ్డ మాటలు అరుదు. 1817 చివర్లో వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో, వేరొక నవలను నైస్ అన్నందుకు కేథరిన్‌ను హెన్రీ టిల్నీ ఆటపట్టిస్తాడు. దేనికైనా సరిపోయే మెప్పు ఏం మెప్పని ఆస్టెన్ ఎత్తిపొడుపు. నాకైతే అది న్యాయంగానే తోస్తుంది.

శంక: అలాగైతే మామగారు కోడలిని మూఢురాలన్నట్లేనా?

సమాధానం: కాదు. విశేష్యం ఉప్మా, కాబట్టి అజ్ఞానం ఉప్మాదే. నపుంసకలింగం గనుక నెస్కియుమ్. దేన్ని ఎరుగదు? షష్ఠి అధ్యాహార్యం: ఉప్పును.

మతాంతరం: తెలుగు వంటింట్లో పిండి నైస్‌గా పట్టించడమంటే మెత్తగా పట్టించడం. ఆ లెక్కన రవ్వ మరీ మెత్తనై ఉప్మా ముద్దయిందని భావం. వీధిలో ‘నైస్‌గా జారుకున్నాడు’ అంటారే, ఆ అర్థం ఇక్కడ పొసగదు. ఉప్మా గరిటెనే వదల్లేదు.

తాత్పర్యం: బాగుందన్న అర్థమే గ్రాహ్యమని కోడలి పక్షం. మారు వడ్డించబోతే మామగారు పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టారు కనుక ఆ పక్షం నిలవదు.