ఒక జీవశాస్త్రపు మేష్టారి చీటీకి టీకా తాత్పర్యములు

మూలము: “పూత రాలకముందే నాలుగు కొమ్మలు. లెన్సు తుడవాలి. రాజ్మా రెండు రంగులు, గుడ్డసంచి. అనువంశికత పాఠం జాగ్రత్త. పన్నెండుకి బడి.”

అవతారిక: అరకులోయయందలి యొక ఆశ్రమ పాఠశాలలో పై తరగతులకు జీవశాస్త్రము చెప్పు మేష్టారొకరు, వేసవి సెలవులు రానున్నవనగా, హాజరుపట్టీ అట్ట లోపలివైపున పెన్సిలుతో వ్రాసికొన్న యీ పంక్తి పరిమాణమున స్వల్పమయ్యును సూత్రగ్రంథములకు దీసిపోనిది గావున, కోలాచల మల్లినాథసూరి కంటబడక మిగిలిపోవుట మన భాగ్యమేయని యెంచి, టీక వ్రాయ సాహసించుచున్నాము. బడికి టీక క్రొత్తది కాదు. ఆంధ్రప్రదేశమున పిల్లల కిచ్చు వాచకమున నొక పుట ఆంగ్లము, ఎదుటి పుట తెలుగు; ఒకటి మూలము, రెండవది వ్యాఖ్య. కాని యింట ఆదివాసీ ఒడియాయో కువియో మాటాడి వచ్చిన పిల్లవానికి రెండును మూలములే. ఆ యింటి భాషలో జీవశాస్త్రమునకు మూడవ వ్యాఖ్య అచ్చుకాలేదు. అది మేష్టారి నోట రావలసినదే, వేసవిలో కూడబెట్టుకొనవలసినదే.

పూత: మామిడిపూత యనువారు మైదానపు వ్యాఖ్యాతలు. ఇచట కాఫీపూతయే గ్రాహ్యము. సిల్వర్ ఓక్ మ్రాకుల నీడన, ఆ మ్రాకుల కల్లుకొన్న మిరియపుతీగల క్రింద, ఎండకారు జల్లు పడువఱకు మొగ్గ బిగించి యుండు ఆ పొదలు, జల్లు పడిన వారము పది దినములకు ఒక్కుమ్మడి విచ్చి, తోటయంతయు మల్లెవాసనగొట్ట, రెండు మూడు దినములలోనే వాడిపోవును. అరబికా పూవు నొకదానిని వ్రేళ్ళ నడుమ బట్టి చూడుడు: రేకులైదును మొదట గొట్టమై కలిసి యుండును, గొట్టపు కంఠమున ఐదు కేసరము లంటియుండును, అండాశయము రేకులకు దిగువన, రెండు గదులతో, గదికొక అండముతో నుండును. పండు చిదిపిన రెండు గింజలు వచ్చుట యిందువలననే. ఒక గది పండకపోయినచో గుండ్రని యొంటిగింజ వచ్చును. ఈ గింజలను కోతకాలమున బుట్టలకెత్తిన చేతులే బడిలో మందారపు బొమ్మకు భాగములు గుర్తించుచుండుట మేష్టారికి నచ్చలేదని మా యూహ.

రాలకముందే: చిక్కంతయు నిందే యున్నది. పూత మార్చి, ఏప్రిల్ మాసములది. ప్రత్యుత్పత్తి పాఠము వచ్చునప్పటికి పొదలపై నుండునవి పచ్చికాయలు. అవి పండి కోతకు వచ్చుట నవంబరు మొదలుకొని. కొండ పంచాంగమును విద్యాశాఖ పంచాంగమును ముఖాముఖి యెఱుగవు. కావున కొమ్మలను పాత వార్తాపత్రికల నడుమ నొక్కి, దినదినము కాగితము మార్చుచు నారబెట్టవలెను. మార్చనిచో బూజు పట్టును. 2019లో భౌగోళిక గుర్తింపు బడసి దేశాంతరముల కేగుచున్న కాఫీ, తన యూరి బడిలో నొక పీరియడు సంపాదించుట కిట్లు ఎండవలసివచ్చెను.

లెన్సు: సూక్ష్మదర్శినిదని కొందఱు, మేష్టారి కంటిజోడుదని కొందఱు. రెండును తుడువదగినవే.

రాజ్మా రెండు రంగులు: ఎఱుపును, తెలుపును. ఈ కొండలలో పండు పంటయే గనుక సంతలో దొరకును. మెండెల్ బఠానీలతో పేరు బడసిన 1866 నాటి వ్యాసమునందే ఈ జాతి చిక్కుళ్ళను గూడ సంకరము చేసి, పూల రంగులు బఠానీవలె లెక్కకు లొంగక తికమకపడెను. అనువంశికత పాఠమున మన మేష్టారికి చిక్కుడు పూలతో బనిలేదు. గింజ జన్యువునకు గుర్తు మాత్రమే. ‘గుడ్డసంచి’ యనునది జాత్యేకవచనము. నిజమునకు రెండు కావలెను, తల్లి కొకటి, తండ్రి కొకటి. ఒక్కొక్కదానిలో ఎఱుపు, తెలుపు సమముగా బోసి, కన్నులు మూసి చెఱియొక గింజ దీయవలెను.

జాగ్రత్త: ఈ యొక్క మాటకే టీక యంతయు జెల్లును. రక్తమందలి హిమోగ్లోబిన్ బీటా గొలుసున ఆఱవ స్థానమునందు గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ చేరిన, ఎఱ్ఱకణము ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలివలె వంగును. ఈ సికిల్ సెల్ వ్యాధి మన్యమున గలదు. 2023 జూలై 1న ఆరంభించిన జాతీయ నిర్మూలన కార్యక్రమమున పరీక్షలు జరుగుచున్నవి. తరగతిలో నెవని యింటనైన ఫలితపు కార్డు ఉండవచ్చును. తల్లిదండ్రు లిరువురును వాహకులైనచో, నలుగురు బిడ్డలలో నొకనికి తప్పదని కాదు, ప్రతి కాన్పునకును నాలుగింట నొక వంతు అవకాశమని, గింజలు మరల మరల దీయించియే తెలుపవలెను, నోటిమాట చాలదు. తీసిన గింజలు తీసినవాని యింటి కథ కారాదు గనుక, పేర్లు లేక, బల్లకొక జత సంచుల చొప్పున బంచుట మేలు. ఈ వ్యాధి జన్యువు ఒక్కటి మాత్రమే గలవారికి మలేరియానుండి కొంత రక్షణ గలదని ఆలిసన్ అను శాస్త్రజ్ఞుడు 1954లో చూపెను. జ్వరపు కొండలలో ఈ జన్యువు నిలిచియుండుటకు గల యీ కారణమును పిల్లలకు మొదటనే చెప్పవలెనని మా మతము, కడపట జెప్పిన నోదార్పువలె దోచును.

పన్నెండుకి బడి: జూన్ 12. ‘తెఱచును’ అని అధ్యాహారము. తాత్పర్యము స్పష్టము.